పక్కవాద్యం పట్టుకుని ఊరూరా తిరిగే బతుకు ఎలా ఉంటుంది? వినేవాళ్ళు ఉన్నారా?

కొత్తకమాను (ప్రశ్న)

అందరికీ నమస్కారం. వయొలిన్‌లో డిప్లొమా పూర్తి చేశాను. ఆకాశవాణి ఆడిషన్‌లో కళాకారులకిచ్చే బి-హై గ్రేడు వచ్చింది. ఇప్పటిదాకా మా చుట్టుపక్కల ఊళ్ళలో ఆరాధనోత్సవాలకీ, శ్రీరామనవమి పందిళ్ళలోనూ గాయకుల పక్కన కూర్చుని పక్కవాద్యం వాయించాను. ఈమధ్య హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ ఉద్యోగం వచ్చింది. చేరడానికి కొంచెం టైముంది. మా గురువుగారు మాత్రం "చెన్నై వెళ్ళు, నలుగురి పక్కన కూర్చుంటేనే చెయ్యి తిరుగుతుంది" అంటున్నారు. ఇంట్లో నాన్న ఒకటే అడుగుతున్నారు: "నువ్వు వాయిస్తే వినేదెవర్రా?"

దానికి నా దగ్గర జవాబు లేదు. పోయిన నెల ఒక పెద్ద విద్వాంసుడి కచేరీకి వెళ్ళాను. సగానికి పైగా కుర్చీలు ఖాళీ. వచ్చినవాళ్ళలో ఎక్కువమంది మా తాతగారి ఈడు వాళ్ళు. తని ఆవర్తనం (మృదంగం ఒంటరిగా వాయించే భాగం) మొదలవగానే కొందరు లేచి వెళ్ళిపోయారు. అదే విద్వాంసుడి కల్యాణి ఆలాపన ముక్క యూట్యూబ్‌లో పెడితే లక్షల మంది చూశారు. ఈ రెండింట్లో దేన్ని నమ్మాలి?

కచేరీల కోసం ఊళ్ళు తిరిగేవాళ్ళు ఇక్కడ ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి. డబ్బు సంగతి కూడా మొహమాటం లేకుండా చెప్తే మేలు చేసినవాళ్ళవుతారు.

మంద్రపంచమం

తమ్ముడూ, నాదీ వయొలిన్ పక్కవాద్యమే. విజయనగరం సంగీత కళాశాలలో చదువుకున్నాను, పెళ్ళయ్యాక చెన్నై వచ్చి ఇక్కడే స్థిరపడ్డాను. డిసెంబరు సీజన్ (చెన్నైలో కచేరీలు వరసగా జరిగే రోజులు), ఆ తర్వాత త్యాగరాజ ఆరాధనలు, ఉగాది, నవమి, దసరా, మధ్యలో ఒక విదేశీ టూరు. నా ఏడాది ఇలా గడుస్తుంది. నువ్వడిగినవన్నీ చెప్తాను, కాస్త పొడుగవుతుంది.

ముందు పని ఎలాంటిదో తెలుసుకో. మనకి రిహార్సల్ అనేది దాదాపు ఉండదు. స్టేషన్లో దిగాక కార్లో గాయకురాలు ఫోన్ తీసి, పెద్దగా పాడే రాగం (మెయిన్) ఏదో, ముందూ వెనకా ఏవో లిస్టు చూపిస్తుంది. "ఇవాళ మెయిన్ భైరవి, దానికి ముందు పంతువరాళి, చివర్లో ఒక జావళి, తిల్లానా." ఒక్కోసారి అదీ ఉండదు, ఆవిడ గొంతు విప్పాకే మనకి తెలుస్తుంది. పాడుతున్నంతసేపూ వెంటే ఉండాలి, కానీ ఆవిడ కంటే ముందు నోరెత్తకూడదు. ఆవిడ పది నిమిషాలు ఆలాపన చేసి మనవైపు చూస్తే, నాలుగైదు నిమిషాల్లో మన మాట చెప్పాలి. ఆవిడ వేసిన ప్రయోగాలే తిరిగి అప్పజెప్పకూడదు, ఆవిడ తెరిచిన దారి వదిలేసి ఇంకెక్కడికో పోకూడదు. రేపు ఇంకో ఊరు, ఇంకో గొంతు, ఇంకో బాణీ. మీ గురువుగారు చెన్నై వెళ్ళమనేది ఇందుకే. ఇంట్లో ఎంత సాధన చేసినా ఈ పని చేతికి రాదు.

శృతి సంగతి ఇంకొకటి. పాటకి ఆధారమైన ఆ స్వరం ఎత్తుని అంకెలతో చెప్తాం. మగవాళ్ళు ఒకటికో ఒకటిన్నరకో పాడతారు, ఆడవాళ్ళు ఐదు, ఐదున్నర. నిన్న ఒకటికి దించిన వయొలిన్‌ని ఇవాళ ఐదున్నరకి బిగిస్తే తీగలు నిలవవు, నిలిచినా నాదం పలచబడుతుంది. అందుకే చాలామందిమి రెండు వయొలిన్లు పెట్టుకుంటాం, ఒకటి మగ గాత్రానికి, ఒకటి ఆడ గాత్రానికి. తీగల మందం కూడా వేరే. వరసగా మూడు ఊళ్ళలో ముగ్గురు గాయకుల పక్కన ఉన్నప్పుడు రెండు పెట్టెలూ మోసుకుంటూ ప్లాట్‌ఫారాలు మారాలి. ఏసీ హాల్లో చేసిన శృతి ఒకలా ఉంటుంది, గుడి ఆవరణలో రాత్రి మంచులో ఇంకోలా. మొదటి కృతి అయ్యేలోపు మళ్ళీ బిరడాల మీద చెయ్యి వెయ్యాల్సిందే.

ఆడపిల్లగా నాకు ఎదురైంది కూడా చెప్పాలి. పక్కన వయొలిన్‌కి ఆడవాళ్ళని ఒప్పుకోని పెద్ద గాయకులు ఉండేవారు. ఇప్పుడు పరిస్థితి చాలా మారింది, పూర్తిగా పోలేదు. ఈ తరం గాయకులు చాలామంది వాయించేది ఎలా ఉందనే చూస్తారు. నేను ఈ రంగంలో నిలబడ్డానంటే వాళ్ళ వల్లే.

ఇక మీ నాన్నగారి ప్రశ్న. వినేవాళ్ళున్నారు. నువ్వు చూసిన ఆ వరసల్లోనే కాదు, వేరే చోట కూడా ఉన్నారు.

ఒక హాలుని చూసి సంగీతం తగ్గిపోయిందనుకోవద్దు. మనం ఇప్పుడు వాయిస్తున్న కచేరీ పద్ధతి కూడా ఒకనాటి మార్పే. అరియకుడి రామానుజ అయ్యంగార్ గారు (1890–1967) వర్ణంతో మొదలుపెట్టి, చిన్న కృతులు చకచకా పాడి, మధ్యలో ఒక పెద్ద రాగం, చివర తేలిక రచనలు అని ఒక వరస ఏర్పరిచారు. మైకు వచ్చాక గొంతు పెట్టే తీరే మారిపోయింది. మా విజయనగరంలో 1919లో కళాశాల పెట్టినప్పుడు ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి అధ్యక్షులు, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ ఆచార్యులు. వయొలిన్ అంటే పక్కనుండేదే అనుకునే రోజుల్లో నాయుడు గారు ఒంటరిగా వాయించి జనాన్ని కూర్చోబెట్టారు. ఆ శ్రోతలని ఆయన తయారు చేసుకున్నారు.

నేను చూసిన మార్పు ఇదీ. పాత శ్రోత తొడ మీద తాళం వేసుకుంటూ కూర్చునేవాడు. పల్లవిలో ఎత్తుగడ (తాళంలో పాట మొదలయ్యే చోటు) ఎక్కడో స్టేజీ మీద మనకంటే ముందు ఆయనకే తెలిసిపోయేది. ఆయన "భేష్" అన్న చోట మనం ఇంకో సంగతి (అదే పాదానికి ఇంకో మలుపు) వేసేవాళ్ళం. అలాంటివాళ్ళు తగ్గిపోతున్నారు, ఆ లోటు నాకు స్టేజీ మీద తెలుస్తూనే ఉంటుంది. నాకు దాని గురించి బాధ ఉంది, దాచుకోను.

కొత్తవాళ్ళు ఇంకో రకం. ఈమధ్య ఒక ఊళ్ళో భైరవి మెయిన్. కచేరీ అయ్యాక వయొలిన్ పెట్టెలో పెడుతుంటే ఒక పాప వచ్చింది, ఏడో ఎనిమిదో తరగతి చదువుతూ ఉండొచ్చు. వాళ్ళమ్మ ఫోన్లో రికార్డు చేసిన ముక్క వినిపించి, "ఆంటీ, భైరవిలో ఆరోహణలో చతుశ్రుతి ధైవతం అని మా టీచర్ చెప్పారు. ఇక్కడ మీరు పైకి వెళ్తూ శుద్ధ ధైవతం వేశారు, ఎందుకు?" అని అడిగింది. విన్నాను. ధైవతం రెండు రకాలు, చతుశ్రుతి పైది, శుద్ధ కిందిది. పా దా నీ దా పా. పై షడ్జం దాకా వెళ్ళకుండా నిషాదం మీదనుంచే వెనక్కి తిరిగిన ప్రయోగం అది, అక్కడ శుద్ధ ధైవతమే రావాలి. పా దా నీ సా అని షడ్జం తాకితే చతుశ్రుతి. పాడి చూపించాను. వెంటనే తనూ పాడింది, రెండోసారికి నిషాదం మీద గమకం కూడా సరిగ్గా వచ్చింది. ఆ పాపకి తాళం వెయ్యడం మన తాతల్లా రాకపోవచ్చు. కానీ ఒక స్వరం దగ్గర ఆగి, ఇంటికెళ్ళకుండా నన్ను వెతుక్కుంటూ వచ్చింది. ఇలాంటి పిల్లలు ఇప్పుడు ఊరికి నలుగురైదుగురు ఎదురవుతున్నారు. చాలామంది జూమ్‌లో నేర్చుకుంటున్నవాళ్ళే.

యూట్యూబ్ లక్షల్ని శ్రోతల లెక్కలో వెయ్యకు, అలాగని తీసిపారెయ్యకు కూడా. క్లిప్ చూసి హాలుకి వచ్చేవాడు ఆ క్లిప్పే మళ్ళీ వినాలని వస్తాడు. అదే కృతి, అదే సంగతి, అదే చోట. అప్పటికప్పుడు పుట్టే మనోధర్మానికి అది ఇబ్బందే. అయినా లోపలికి వచ్చి కూర్చున్నాడు కదా, రెండు గంటల్లో అతని చెవిని ఇంకో దారికి తిప్పే అవకాశం మనకుంది.

మన తెలుగు ఊళ్ళలో వాయించడం నాకు ప్రత్యేకంగా ఇష్టం. త్యాగయ్య, క్షేత్రయ్య, అన్నమయ్య, రామదాసు, శ్యామశాస్త్రి గారి కృతుల్లో చాలా భాగం, అంతా మన మాటే. నెరవల్‌లో గాయకుడు ఒక పాదం ఎత్తుకుని రకరకాలుగా పాడుతుంటే, ముందు వరసలో సంగీతం రానివాళ్ళ ముఖాలు కూడా మారతాయి. మాట విరుపు తప్పితే వాళ్ళకి తెలిసిపోతుంది. కార్లో చాలామంది తమిళ గాయకులు నన్ను అడిగేది ఇదే: "ఈ పాదం ఎక్కడ విరవాలి? ఇక్కడ ఎవరు ఎవరితో అంటున్నారు?" నువ్వు చెన్నై వస్తే నీకూ ఈ గౌరవం దక్కుతుంది. అందుకని సాహిత్యం అర్థం తెలుసుకోకుండా ఒక్క కృతి కూడా వాయించకు.

డబ్బు. ఒక్క కచేరీల మీదే బతికే పక్కవాద్యం వాళ్ళు బాగా తక్కువ. ముఖ్య కళాకారుడికి వచ్చేదాంట్లో మనకి వచ్చేది కొంత భాగమే. సీజన్లో మధ్యాహ్నం కచేరీలకి చాలా సభల్లో (కచేరీలు పెట్టే సంస్థల్లో) టికెట్టే ఉండదు, అక్కడ ఎక్కువ ఆశించకు. నా ఇల్లు గడిచేది పాఠాల మీద. రైల్లోంచి కూడా పిల్లల సాధన రికార్డులు విని సరిచేస్తుంటాను. ఒక సభ వాళ్ళు చెక్కు ఇవ్వడానికి నెలలు తిప్పారు. అప్పట్నుంచి ఒప్పుకునేటప్పుడే అడిగేస్తాను: ప్రయాణం ఛార్జీలు విడిగానా కలిపా, బస ఎక్కడ, రాత్రి స్టేషన్‌కి ఎవరొస్తారు, డబ్బు ఎప్పుడు. అడిగితే ఎవరూ కోప్పడలేదు.

ఉద్యోగం చేస్తూ వాయించొచ్చా అంటే, గాయకుడికి కుదురుతుంది. తేదీలు నెలల ముందే తనే ఒప్పుకుంటాడు కదా. పక్కవాద్యానికి పిలుపు చివరి నిమిషంలో వస్తుంది. "రేపు సాయంత్రం రాగలవా?" అన్న ఫోన్‌కి రెండుసార్లు కుదరదంటే మూడోసారి ఫోన్ రాదు. ఇది మాత్రం ఆలోచించుకో.

మిశ్రచాపు

అక్క చెప్పిన చివరి మాటతో నేను పూర్తిగా ఏకీభవించను. నేను మృదంగం, బ్యాంకులో ఉద్యోగం. సెలవులన్నీ డిసెంబరుకీ దసరాకీ దాచుకుంటాను. మిగతా ఏడాదంతా శనాదివారాలే. పేరు నెమ్మదిగా వస్తుంది, నిజమే. కానీ నెల మొదట్లో జీతం పడుతుంది కాబట్టి నాకు నచ్చని కచేరీ ఒప్పుకోవాల్సిన పని లేదు. ఆ స్వేచ్ఛ చిన్నదేం కాదు. నా మేనేజరు సంగీతం ఇష్టపడే మనిషి కావడం నా అదృష్టం.

తనికి లేచి వెళ్ళిపోయేవాళ్ళు ఎప్పుడూ ఉన్నారు తమ్ముడూ. మా గురువుగారి కాలంలోనూ క్యాంటీన్‌కి వెళ్ళే టైము అదే. కొత్త సంగతేంటంటే, ఇప్పుడు తని కోసమే వచ్చే కుర్రాళ్ళున్నారు. రీల్స్‌లో కొన్నక్కోల్ (మృదంగం జతులు నోటితో పలకడం) చూసి, ఇంజినీరింగ్ కాలేజీ నుంచి గుంపుగా వచ్చి ముందు వరసలో కూర్చుంటారు. కోర్వై (ముగింపులో వచ్చే లయ వరస) లెక్క వేళ్ళ మీద వేసుకుంటూ, సమానికి (తాళం మొదటి దెబ్బకి) మాతో కలిసి చెయ్యి వేస్తారు. రాగం పేరు అడిగితే చెప్పలేరు, ఖండ నడక (ఐదేసి లెక్కల లయ) అంటే మాత్రం కళ్ళు వెలుగుతాయి. వాళ్ళని తక్కువగా చూడను. నేనూ చిన్నప్పుడు లెక్కల కోసమే మృదంగం దగ్గర కూర్చున్నాను, రాగం తర్వాత వచ్చింది.

ప్రయాణం గురించి మా బాధలు మావి. హెచ్చు శృతికి ఒకటి, తగ్గు శృతికి ఒకటి, రెండు మృదంగాలు. పనస కొయ్య, బరువు. ఎడమ వైపు రవ్వ ముద్ద అక్కడికక్కడ కలిపి పెట్టుకోవాలి. తోలు కాబట్టి చలికీ, ఎండకీ, తేమకీ శృతి కదులుతుంది. విదేశాలకి వెళ్తే తోలు వాయిద్యం అని కొన్ని విమానాశ్రయాల్లో పక్కకి పిలిచి చూస్తారు. ఓపికగా వివరించాలి. విప్పి బిగించుకునే రకం వచ్చాక విమానాల్లో కొంత సులువైంది గానీ, నాకు ఇంకా తోలు వారుతో బిగించిన పాత మృదంగం నాదమే ఇష్టం.

సభ కార్యదర్శి

బాబూ, కోస్తాలో ఒక చిన్న సభ నడుపుతున్నవాణ్ణి. కుర్చీల ఖాళీ గురించి అడిగావు కాబట్టి నిర్వాహకుడి వైపు నుంచి రెండు మాటలు.

మా సభ్యుల్లో చాలామంది పెద్దవాళ్ళు. మోకాళ్ళ నొప్పులు, రాత్రిపూట ఆటో దొరకదు, పిల్లలు దూరంగా ఉంటారు. వాళ్ళకి సంగీతం మీద మోజు తగ్గి రాకపోవడం కాదు. కొంతమందికి ఫోన్లో లైవ్ పెట్టి ఇస్తే ఇంట్లో కూర్చుని చివరి మంగళం దాకా వింటారు. 2020లో కరోనా వచ్చి, చెన్నై డిసెంబరు సీజనే ఆన్‌లైన్‌కి మారినప్పుడు మేమూ మొదలుపెట్టాం, తర్వాత ఆపలేదు. కాబట్టి హాల్లో తలలు లెక్కపెడితే ఇప్పుడు సగం లెక్కే వస్తుంది.

మేం మార్చినవి కొన్ని పనిచేశాయి. కచేరీ రెండుంబావు గంటలకి కుదించాం, ఎనిమిదిన్నరకల్లా ముగుస్తుంది. వేదిక ముందు రెండు వరసల కుర్చీలు తీసేసి జంపఖానా పరిచాం, ఊళ్ళో సంగీతం నేర్పే టీచర్లందరికీ కబురు పెట్టాం. వాళ్ళ పిల్లలు వచ్చి కింద కూర్చుంటున్నారు, పిల్లల వెంట తల్లిదండ్రులు. అలా వచ్చిన తండ్రులు కొందరు మా సభ్యులయ్యారు. మెయిన్ కృతి సాహిత్యం ఒక కాగితం మీద అచ్చువేసి పంచుతాం, దానికి మంచి ఆదరణ ఉంది.

కళాకారులకి ఒక విన్నపం. పిల్లలు ముందు కూర్చున్నప్పుడు రాగం పేరు, తాళం పేరు ఒక్కసారి మైకులో చెప్పండి. పది సెకన్ల పని. చెప్పని పెద్దవాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు, నాకు అది అర్థం కాదు. పక్కవాద్యం వాళ్ళకి ఆలస్యంగా డబ్బివ్వడం గురించి అమ్మాయి రాసింది చదివి సిగ్గేసింది. మా దగ్గర కవరు వేదిక దిగకముందే చేతికి అందుతుంది. అన్ని సభలూ అలాగే చెయ్యాలి.

న్యూజెర్సీ నుంచి ఒక అమ్మ

ఇక్కడి సంగతి కొంచెం చెప్తాను. అమెరికాకి వచ్చే గాత్రం, వయొలిన్, మృదంగం బృందాలకి ఎక్కువగా కళాకారులకిచ్చే పీ-3 వీసా తీసుకుంటారు. వసంతంలో క్లీవ్‌లాండ్ త్యాగరాజ ఆరాధనతో కలిపి చాలామంది టూరు వేసుకుంటారు. అది 1978 నుంచి జరుగుతోంది. కచేరీలు శుక్ర, శని, ఆదివారాల్లోనే. మిగతా నాలుగు రోజులు మా బోటివాళ్ళ ఇళ్ళలో ఉంటారు, పిల్లలకి పాఠాలు చెప్తారు.

మా అబ్బాయికి తెలుగు మాట్లాడటం సరిగ్గా రాదు, కానీ త్యాగరాజ కృతులు పాడతాడు. పోయినసారి మా ఇంట్లో ఉన్న వయొలిన్ ఆయన వాడు పాడుతుంటే ఆపి, ఒక్కో మాటకీ అర్థం చెప్పి, "రాముణ్ణి నిలదీస్తున్నావు, అలా పాడు" అన్నారు. ఆ రోజు నుంచి వాడు ఆ కృతి పాడే తీరే మారింది. కచేరీకి వెయ్యి మంది రాకపోయినా, ఇలా ఇంటింటికీ ఒక శ్రోత తయారవుతున్నాడు. అయితే వారంలో ఆ నాలుగు రోజులకి కళాకారులకి ఏమీ ఇవ్వకుండా పాఠాలు చెప్పించుకునే ఇళ్ళు కూడా ఉన్నాయి. అది తప్పు. టూరు ఒప్పుకునే ముందే పాఠాల ఫీజు సంగతి మాట్లాడుకోండి.

కొత్తకమాను

ఇంత వివరంగా రాస్తారనుకోలేదు. అందరికీ చాలా కృతజ్ఞతలు. ఇదంతా నాన్నకి చదివి వినిపించాను. పాప అడిగిన భైరవి ప్రశ్న దగ్గర ఆపి, పా దా నీ దా పా వాయించి చూపించమన్నారు. రెండు రకాలుగా వాయించాను. ఆ తేడా ఆయనకి వినిపించింది.

అక్కా, ఒక్క టెన్షన్ మిగిలింది. ఈ సీజన్‌కే చెన్నై వస్తే నాకెవరు తెలుసు? కంపెనీకి ఏం చెప్పాలి?

మంద్రపంచమం

కంపెనీని చేరే తేదీ ఫిబ్రవరికి జరపమని అడుగు. చాలా కంపెనీలు కొత్తవాళ్ళని విడతలుగానే తీసుకుంటాయి, ఒప్పుకుంటే సగం చిక్కు తీరినట్టే. ఒప్పుకోకపోతే మిశ్రచాపు గారి దారి ఉంది. నా అభిప్రాయం మారలేదు గానీ, ఆయన వాయిద్యం విన్నాను, ఉద్యోగం ఆయన చేతిని ఏమీ పాడుచెయ్యలేదు.

వస్తే నవంబరు చివర్లోనే రా. డిసెంబరు పదిహేను తర్వాత ఎవరికీ ఊపిరాడదు. మొదటి రెండు వారాలు వాయించే అవకాశం కోసం తిరగొద్దు. ఉదయం లెక్చర్ డెమోలు, మధ్యాహ్నం కుర్ర కళాకారుల కచేరీలు విను. మధ్యాహ్నం పాడే పిల్లలకే చివరి నిమిషంలో వయొలిన్ దొరక్క ఇబ్బంది వస్తుంది. వాళ్ళతో పరిచయం పెంచుకో. పదేళ్ళ తర్వాత సాయంత్రం కచేరీలు పాడేది వాళ్ళే, అప్పుడు నిన్నే పిలుస్తారు. నాకు పనిచ్చినవాళ్ళలో చాలామంది అలా నాతోపాటు ఎదిగినవాళ్ళే.

వర్ణాలన్నీ రెండు కాలాల్లో చేతిలో ఉండాలి. రూపకం, మిశ్రచాపు, ఖండచాపు తాళాల కృతులు ఎక్కువ సాధన చెయ్యి. మన ఊళ్ళలో ఆది తాళమే ఎక్కువ వాయించి, ఇక్కడికొచ్చి వేరే ఎడుపులో (ఎత్తుగడలో) ఎత్తుకున్న పల్లవి దగ్గర చాలామంది తడబడతారు. ఐదున్నర శృతికి ఒక వయొలిన్ వేరే సిద్ధం చేసుకో, తీగలు రెండు సెట్లు ఎక్కువ పెట్టుకో. చెన్నై చేరాక ఇక్కడే నాకు మెసేజ్ పెట్టు. మా ఇంట్లో ఆదివారం ఉదయం పదింటికి నలుగురైదుగురం కలిసి వాయించుకుంటాం, వచ్చి కూర్చో.